కుర్చీ ఖాళీ, స్టేటస్ ఫుల్

మీ నియోజకవర్గం వాట్సాప్ గ్రూప్ తెరిచి కాస్త పైకి స్క్రోల్ చేయండి. పొద్దున్నే ఎమ్మెల్యే గారి శుభోదయం పోస్టర్. పదకొండు గంటలకు సీసీ రోడ్డు భూమిపూజ, కొబ్బరికాయ కొట్టే ఫోటో. మధ్యాహ్నం ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు. ఈ ఫోటోలో చెక్కు తీసుకునేవాళ్ళ మొహం కంటే ఇచ్చేవాళ్ళ మొహమే బాగా కనపడుతుంది. సాయంత్రం ఒక పెళ్ళి, ఒక పరామర్శ, ఒక క్రికెట్ టోర్నమెంట్ ప్రారంభం. రాత్రికి డ్రోన్ షాట్లు, సినిమా బీజీఎం కలిపి ఒక రీల్. పార్టీ ఏదైనా టెంప్లేట్ ఒకటే. రంగులు మారతాయంతే.

ఇవన్నీ పనికిరాని పనులని నేననడం లేదు. అప్పు చేసి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకొచ్చిన కుటుంబానికి ఆ చెక్కు చిన్న విషయం కాదు. కానీ భూమిపూజ సర్పంచ్ అయినా చేయగలడు. చెక్కు తహసీల్దార్ అయినా ఇవ్వగలడు. పెళ్ళికి పిలిస్తే మనమూ పోతాం. ఎమ్మెల్యే తప్ప ఇంకెవ్వరూ చేయలేని పని ఒకటుంది. వెలగపూడిలో అసెంబ్లీ నడిచేటప్పుడు లేచి నిలబడి, ఫలానా ఊరి ఫలానా పని ఏమైందని మంత్రిని అడిగి, రికార్డులోకి జవాబు రాబట్టడం. మన ఫోన్లకు వచ్చే నియోజకవర్గ వార్తల్లో ఎక్కువగా కనపడనిది ఆ ఒక్కటే.

మన దగ్గర లెక్క ఎలా ఉందో చూద్దాం. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 14 నియోజకవర్గాలు, ఉమ్మడి కడపలో 10. మొత్తం 24 మంది ఎమ్మెల్యేలు. 2024 ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీ రాష్ట్రం మొత్తం మీద గెలిచింది 11 సీట్లే అయినా, అందులో 5 మన దగ్గరివే. పులివెందుల నుంచి జగన్, బద్వేలు నుంచి దాసరి సుధ, రాజంపేట నుంచి ఆకేపాటి అమర్‌నాథ్‌రెడ్డి, ఆలూరు నుంచి విరూపాక్షి, మంత్రాలయం నుంచి బాలనాగిరెడ్డి. ఈ ఐదుగురూ సభలో చర్చలకు దూరంగా ఉంటున్నారు. ఇంకో నలుగురు మంత్రులు: కర్నూలు టి.జి. భరత్, నంద్యాల ఎన్.ఎం.డి. ఫరూక్, బనగానపల్లె బి.సి. జనార్దన్‌రెడ్డి, రాయచోటి మండిపల్లి రాంప్రసాద్‌రెడ్డి. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులు చెప్తారు. మిగిలింది 15 మంది. వాళ్ళంతా కూటమి పార్టీలవాళ్ళే. అందులో కొందరు విప్‌లు కూడా, అంటే సొంత పార్టీ సభ్యులను గీత దాటకుండా చూసుకునే డ్యూటీ. మరి గట్టిగా అడిగేదెవరు?

వైఎస్సార్‌సీపీ చెప్పే కారణం ప్రతిపక్ష హోదా. 175 మంది ఉన్న సభలో పదో వంతు, అంటే 18 మంది ఉంటేనే ప్రతిపక్ష నాయకుడి హోదా ఇస్తామని అధికార పక్షం అంటోంది. సభలో ప్రతిపక్షమంటూ ఉన్నది మేమొక్కళ్ళమే, ఆ హోదా లేకపోతే మైకు కూడా సరిగ్గా ఇవ్వరు అని జగన్ అంటున్నారు. 2024 జూన్‌లో స్పీకర్‌కు రాసిన లేఖలో పాత ఉదాహరణలు కూడా చూపించారు. 1994లో 294 సీట్లకు 26 మాత్రమే వచ్చిన కాంగ్రెస్ నుంచి పి. జనార్దన్‌రెడ్డికి ఆ హోదా ఇచ్చారు కదా అని. వాదనలో బలం లేకపోలేదు. విషయం హైకోర్టు దాకా పోయింది, తేల్చేది వాళ్ళు.

అయితే హోదా తేలేదాకా సభకు పోకపోవడం వేరే సంగతి. ఎమ్మెల్యే అయినందుకు వచ్చే ప్రశ్న వేసే హక్కుకు హోదాతో పని లేదు. ఇదే కర్నూలు నుంచి సీపీఎం తరఫున ఎం.ఎ. గఫూర్ 1994లో ఒకసారి, 2004లో ఒకసారి గెలిచారు. 2004లో ఆ పార్టీకి 294 మందిలో 9 మందే. 2009లో లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ్ గారైతే ఒకే ఒక్కడు. ఒక్కడికి సభలో ఎన్ని నిమిషాలిస్తారు చెప్పండి? అయినా పోయారు, మాట్లాడారు. రెండు నిమిషాల మైకు తక్కువే, కాదనను. కానీ ఆ రెండు నిమిషాలు ఆయన సొంతం కాదు. కోసిగిలో, పోరుమామిళ్ళలో క్యూలో నిలబడి ఓటేసినవాళ్ళవి.

ఇక్కడ చాలామందికి ఒక డౌట్ ఉంటుంది. 60 రోజులు సభకు రాకపోతే పదవి పోతుందంటారు కదా, మరి పోలేదేంది? రాజ్యాంగం 190వ అధికరణలో నాలుగో క్లాజు అది. సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ రాకపోతే, ఆ సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. 'ప్రకటించవచ్చు' అనే ఉంది, ప్రకటించి తీరాలని కాదు. దానికి తోడు ఆ 60 రోజుల కౌంటర్ క్యాలెండర్ ప్రకారం తిరగదు. సభ ప్రొరోగ్ అయిన రోజులు లెక్కలోకి రావు. వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులూ రావు. మన అసెంబ్లీ ఏడాదిలో కూర్చునే రోజులే తక్కువ కాబట్టి ఆ కౌంటర్ మెల్లగా పాకుతుంది. 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగానికి వైఎస్సార్‌సీపీ సభ్యులు వచ్చి, కాసేపటికే నినాదాలు చేసి వెళ్ళిపోయారు. అది ఉభయ సభల సంయుక్త సమావేశం, హాజరు కింద లెక్కకు రాదని స్పీకర్ అయ్యన్నపాత్రుడు వైపు నుంచి జవాబు. ఇలా చట్టం చుట్టూ దాగుడుమూతలు నడుస్తుంటాయి. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఎక్కడివక్కడే.

ఇది ఒక్క పార్టీ జబ్బు అనుకుంటే పొరపాటే. 2017 నవంబర్ నుంచి ఎన్నికల దాకా ఇదే వైఎస్సార్‌సీపీ సభను బహిష్కరించింది. ఫిరాయించిన ఎమ్మెల్యేల మీద చర్య తీసుకోవాలన్నది అప్పటి కారణం. ఆ ఫిరాయించినవాళ్ళలో జమ్మలమడుగు ఆదినారాయణరెడ్డి, ఆళ్ళగడ్డ అఖిలప్రియ మంత్రులు కూడా అయ్యారు. కాబట్టి కారణం చిన్నదేం కాదు. తర్వాత 2021లో చంద్రబాబు వంతు. తన కుటుంబాన్ని అవమానించారని, మళ్ళీ ముఖ్యమంత్రిగానే ఈ సభకు వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. అన్నట్టే 2024 జూన్‌లో ముఖ్యమంత్రిగా వచ్చారు. ఆ శపథం క్లిప్పులు, ఎలివేషన్ మ్యూజిక్‌తో సహా, మీరూ చూసే ఉంటారు.

ఆయన శపథం చేసిన రోజు 2021 నవంబర్ 19. ఆ తేదీ రాజంపేట వాళ్ళకు ఇంకో రకంగా గుర్తు.

ఆ రోజు తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పైన పింఛా ప్రాజెక్టు దగ్గర తెగిన నీళ్ళు, అప్పటికే పొంగుతున్న వరద, రెండూ కలిసి వచ్చి పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు. కార్తీక మాసం, అందులోనూ కార్తీక పౌర్ణమి రోజు. శివాలయానికి పోయినవాళ్ళు, ఇంట్లో ఇంకా నిద్ర లేవనివాళ్ళు, బస్సులో ఉన్నవాళ్ళు. ముప్పై మందికి పైగా చనిపోయారు. పొలాల్లో అడుగుల ఎత్తున ఇసుక మేట. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న సంగతి కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ రాజ్యసభలో చెప్పేదాకా పోయింది.

అదే రోజు మన అసెంబ్లీలో నడిచిన గొడవ ఎవరు ఎవరిని ఏమన్నారు అని. రెండు వైపులా తప్పు ఎంతెంతో కొలవడానికి నేను ఈ తేదీ ఎత్తలేదు. సభలో నాయకుల రోషం టాపిక్ అయినప్పుడు చెయ్యేరు టాపిక్ కాదు, అంతే. ఆ కట్ట తెగినప్పుడు ఉన్నది జగన్ ప్రభుత్వం. ఆ ప్రభుత్వ కాలం ముగిసేలోపు ప్రాజెక్టు తిరిగి లేవలేదు. ఇప్పుడున్నది చంద్రబాబు ప్రభుత్వం. ఇప్పటికీ పని పూర్తి కాలేదు. ఇప్పుడు దాని గురించి సభలో నిలదీయాల్సింది రాజంపేట ఎమ్మెల్యే. ఆయన కుర్చీ ఖాళీ. ఎంత గొప్ప రీల్ చేసినా ఆ ఖాళీ పూడదు.

మెడికల్ కాలేజీల సంగతి ఇంకా విచిత్రం. నీట్ రాసే తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఇది మీ విషయం. గత ప్రభుత్వం 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తలపెట్టింది. నంద్యాలతో కలిపి 5 కాలేజీలు 2023లో మొదలయ్యాయి. పులివెందులకు 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇస్తే, సౌకర్యాలు చాలవని కొత్త ప్రభుత్వం వెనక్కి రాయడంతో అవి పోయాయి. 2025 సెప్టెంబర్‌లో 10 కాలేజీలను పీపీపీ పద్ధతికి ఇస్తామని కేబినెట్ తేల్చింది. మొదటి విడతలో నాలుగు: ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. అంటే నాలుగులో రెండు మన 24 నియోజకవర్గాల్లోవే.

ఆదోని ఎమ్మెల్యే పార్థసారథి బీజేపీ, అంటే కూటమి మనిషి. ప్రభుత్వ నిర్ణయాన్ని సొంత ప్రభుత్వం ముందు నిలదీయడం ఆయనకు కష్టం. పులివెందుల ఎమ్మెల్యే ప్రతిపక్ష పార్టీ అధినేత. నిలదీయడానికి ఆయనకు అడ్డేమీ లేదు, కానీ సభకు పోరు. ఒకరు లోపల ఉండి అడగలేరు, ఇంకొకరు అడగగలిగీ లోపల లేరు. మధ్యలో ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మోసే హమాలీ కొడుక్కి సీటు ఏ ఫీజుకు వస్తుందో చెప్పే నాథుడు లేడు.

వైఎస్సార్‌సీపీ ఊరుకోలేదు, అది నిజమే. కోటి సంతకాల కార్యక్రమం పెట్టి, ఊరూరా తిరిగి, 2025 డిసెంబర్ 18న ఆ సంతకాలను గవర్నర్‌కు ఇచ్చారు. మండలిలో బొత్స సత్యనారాయణ ప్రతిపక్ష నేతగా ఉన్నారు, అక్కడ వాళ్ళ సభ్యులు ఈ విషయం మీద గొడవ చేశారు కూడా. కానీ సంతకానికి మంత్రి జవాబు చెప్పక్కర్లేదు. ప్రశ్నకు చెప్పాలి. అది కూడా రికార్డు మీద. తర్వాత మాట మారిస్తే 'మీరు ఫలానా తేదీన ఇలా చెప్పారు' అని చూపించొచ్చు. ఆ లెక్కన అధికార పార్టీ కూడా ఒకటి అడగొచ్చు: 2023లో కొత్త కాలేజీల్లో సగం సీట్లను బి కేటగిరీ, ఎన్నారై కోటా కింద లక్షల ఫీజులకు పెట్టిన 107, 108 జీవోలు ఎవరివి? జగన్ ప్రభుత్వానివే. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే ఈ రెండు ప్రశ్నలూ ఒకే రోజు బయటికొచ్చేవి. వచ్చుంటే మనకు ఎంత మేలు!

బదులుగా 2025 సెప్టెంబర్ అసెంబ్లీ సమావేశాల నుంచి మన ఫోన్లకు చేరిందేంది? బాలకృష్ణ ఏమన్నారు, చిరంజీవి ఏం జవాబిచ్చారు. నిజం చెప్పండి, ఆ వారంలో మీరు చూసిన అసెంబ్లీ క్లిప్పుల్లో అది కాకుండా ఇంకొకటి గుర్తుందా?

మంత్రాలయం, ఆలూరు వైపు వెళ్దాం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హాలహర్వి. పంట చేతికి రాని ఏడాది అక్కడి ఊళ్ళు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి. ఇంటికి తాళం, ముసలివాళ్ళు అరుగు మీద, పిల్లలు అమ్మానాన్నలతో లారీలో. బడిలో అటెండెన్స్ సగానికి సగం పడిపోయే నెలలుంటాయి. పక్కనే తుంగభద్ర పారుతుంటుంది. దిగువ కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు మాత్రం చేరవు. ఆలూరు కోసం వేదవతి ఎత్తిపోతల అన్నారు, అదీ నత్తనడకే. సుగ్గికి పోయిన పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్ళు ఈ ఏడాది ఎన్ని తెరిచారు, ఎప్పుడు తెరిచారు, డిసెంబర్‌లో కుటుంబం వెళ్ళిపోయాక జనవరిలో తెరిస్తే ఎవరికి లాభం? ఇది మూడు లైన్ల ప్రశ్న. రాష్ట్రంలో దీన్ని అడిగే బాధ్యత అందరికంటే ముందు ఉన్నది ఇద్దరికే. ఆ ఇద్దరూ ఐదుగురి లిస్టులో ఉన్నారు.

కుర్చీ విలువ మన నాయకులకు తెలియదనుకోకండి. 2024 నవంబర్‌లో కడప నగరపాలక సర్వసభ్య సమావేశంలో వేదిక మీద తనకు కుర్చీ వేయలేదని ఎమ్మెల్యే మాధవిరెడ్డి నిలబడే నిరసన తెలిపారు. మేయర్ వర్గంతో అది పెద్ద గొడవై వారం పాటు మన ఫీడంతా నిండింది. ఎమ్మెల్యేకు కుర్చీ వేయకపోవడం తప్పే, ఆమె పట్టుబట్టడంలో న్యాయం ఉంది. ఒక చోట కుర్చీ కోసం అంత పట్టుదల, ఇంకో చోట జనం ఓటేసి ఇచ్చిన కుర్చీలో కూర్చోకుండా అంతే పట్టుదల. కడప జిల్లా మొత్తానికి రెండూ మనకే దక్కాయి.

అధికార పార్టీ ఎమ్మెల్యేలు సభకు పోతున్నారు కదా, వాళ్ళకు ఫుల్ మార్కులా అంటే, అదీ కాదు. ప్రశ్నోత్తరాల సమయంలో చాలా ప్రశ్నలు 'మన ప్రభుత్వం చేస్తున్న మంచి పనిని మంత్రి గారు వివరిస్తారా' టైపులో ఉంటాయి. టాస్ వేసి ఇస్తే సిక్స్ కొట్టడమే. ప్రశ్న ఎలా ఉండాలో అసెంబ్లీలోనే ఒక ఫార్మాట్ ఉంది. 'ఫలానా విషయం వాస్తవమేనా? అయినట్లయితే తీసుకున్న చర్యలేమిటి? పని ఎప్పటికి పూర్తవుతుంది?' జవాబులు కూడా ఫార్మాట్‌లోనే ఉంటాయి: 'అవునండి', 'లేదండి', 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. ఈ మూడో జవాబు మంత్రులకు ఎంత ఇష్టమో చెప్పలేం. అది విని కూర్చోకుండా అనుబంధ ప్రశ్న వేసినవాడే ఎమ్మెల్యే. రాతపూర్వక జవాబు ఎలాగోలా తెప్పించుకోవచ్చు గానీ, అనుబంధ ప్రశ్నకు మాత్రం మనిషి సీట్లో ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో టికెట్ 'క్లోజ్డ్' అని పెట్టేస్తే, 'సమస్య ఇంకా అట్లే ఉంది' అని రీఓపెన్ చేసేవాడొకడుంటాడు కదా, అచ్చం అలాగే.

అందుకే ఈసారి మీ ఎమ్మెల్యే అప్‌డేట్ వచ్చినప్పుడు బొమ్మను వదిలేసి అంకె కోసం వెతకండి. 2025 జూలై 17న మల్యాల దగ్గర హంద్రీ-నీవా నీళ్ళు వదిలినప్పుడు అందరూ జలహారతి ఫోటోలే పెట్టారు. అందులో అసలు వార్త, మొదటి దశ కాలువను వెడల్పు చేసి 3,850 క్యూసెక్కులు పారేలా చేయడం. మంచి పనే, మెచ్చుకోవాల్సిందే. 2023 సెప్టెంబర్‌లో జగన్ లక్కసాగరం దగ్గర మొదలుపెట్టిన, డోన్, పత్తికొండ చెరువులు నింపే పథకమూ మంచి పనే. ఇప్పుడు అడగాల్సింది: కాలువ వెడల్పయింది సరే, దారిలో ఉన్న కర్నూలు, నంద్యాల జిల్లాల పొలాలకు పిల్లకాలువలు ఎన్ని పూర్తయ్యాయి? లక్కసాగరం మోటార్లు ఈ ఏడాది ఎన్ని రోజులు తిరిగాయి? ఎన్ని చెరువులు అలుగు పారాయి? కూటమి ఎమ్మెల్యేలైనా సరే, ఇవి అడిగితే వాళ్ళ ప్రభుత్వం పడిపోదు.

తెలుసుకోవడం కూడా కష్టం కాదు. ఏపీ లెజిస్లేచర్ వెబ్‌సైట్‌లో ప్రశ్నల జాబితాలు, చర్చల రికార్డులు పెడతారు. సభ లైవ్ యూట్యూబ్‌లో వస్తుంది. ప్రశ్నోత్తరాలు మొదటి గంటలోనే అయిపోతాయి. ఐపీఎల్ స్కోర్ చూసే ఓపికలో పదో వంతు చాలు. మీ ఎమ్మెల్యే పేరు కొట్టి వెతకండి. ఎన్ని ప్రశ్నలు, దేని మీద, ఎన్నిసార్లు లేచారు. ఆ స్క్రీన్‌షాట్ మీ ఊరి గ్రూప్‌లో పెట్టండి. అడ్మిన్ తీసేస్తే ఇంకో గ్రూప్‌లో పెట్టండి.

ప్రశ్నలకు నోటీసు ముందుగానే ఇవ్వాలి కాబట్టి పంపేదేదైనా ఇప్పుడే పంపాలి. రాజంపేట వాళ్ళ కోసం ఒకటి అసెంబ్లీ భాషలోనే రాసి పెట్టాను, కాపీ చేసుకోవచ్చు. (అ) 2021 నవంబర్ 19న తెగిపోయిన అన్నమయ్య ప్రాజెక్టు పునర్నిర్మాణం నేటికీ పూర్తికాని విషయం వాస్తవమేనా? (ఆ) అయినట్లయితే, అందుకు కారణాలేమిటి? (ఇ) బాధిత కుటుంబాలకు మంజూరైన ఇళ్ళలో ఎన్ని పూర్తయ్యాయి? (ఈ) ఇసుక మేట వేసిన భూముల్లో ఎన్ని ఎకరాలు తిరిగి సాగులోకి వచ్చాయి?

మీ ఎమ్మెల్యే సభకు పోరంటారా? అయినా ఆయనకే పంపండి. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేకు కూడా కాపీ పెట్టండి. చెయ్యేరు ఒక్క రాజంపేటతో ఆగదు, నందలూరు దాటి కిందికి పోతుంది.